ఇంటింటి లెక్క: ప్రశాంత చంద్ర మహలనోబిస్ జీవితం

మన సభల ప్రత్యేక సంచికల్లో కవుల జీవితాలు, గాయకుల జీవితాలు, జాతీయ నాయకుల జీవితాలు ఎన్నో చదివాం. లెక్కలు వేస్తూ బతికిన మనిషి కథ మాత్రం అరుదుగా కనిపిస్తుంది. అందుకని ఈసారి, మన దేశంలో ప్రతి ప్రభుత్వ నిర్ణయం వెనుకా ఎక్కడో ఒకచోట నీడలా నిలబడి ఉండే ఒక సంఖ్యాశాస్త్రవేత్త జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

నా వృత్తి గురించి రెండు మాటలు చెబితే ఈ ఆసక్తి ఎందుకో తెలుస్తుంది. అమెరికాలో ఒక నగర రవాణా సంస్థలో ఇరవై ఏళ్ళకు పైగా పని చేస్తున్నాను. కొత్త రైలు మార్గం వేస్తే ఎంతమంది కారు ఇంటి దగ్గర వదిలి రైలెక్కుతారు, టికెట్టు ధర పెంచితే ఎంతమంది మానేస్తారు అన్నవి నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. జనం ఇప్పుడు చేస్తున్న ఎంపికలను లెక్కించి, పరిస్థితి మారితే ఏం ఎంచుకుంటారో ఊహించే మోడల్స్ మా పనిముట్లు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉన్న మనవాళ్ళకు బార్ట్ రైలు బాగా తెలుసు. 1970లలో అది వస్తున్నప్పుడు నూటికి 15 మంది దాన్ని ఎక్కుతారని అధికారుల అంచనా. డేనియల్ మెక్‌ఫాడెన్ అనే ఆర్థికవేత్త బృందం జనం ప్రయాణాల వివరాలు సేకరించి, మోడల్ కట్టి, 6.3 శాతమే ఎక్కుతారని చెప్పింది. చివరికి తేలింది 6.2 శాతం. ఈ తరహా పరిశోధనకే ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఈ విద్యలో మోడల్ కంటే ముందు కావలసింది ఒకటుంది. జనం నిజంగా ఏం చేస్తున్నారు, ఏం కొంటున్నారు, ఏం తింటున్నారు అన్న నమ్మకమైన లెక్క. కోట్ల మంది నిరుపేదలున్న దేశంలో, వందలాది కొలతలు, డజన్ల భాషల మధ్య అలాంటి లెక్క తీయించి చూపించిన మనిషి మహలనోబిస్. ఆ లెక్కను ఆయన ఎలా వాడారు, ఎక్కడ పక్కన పెట్టారు అన్నది ఈ కథలో అసలు విషయం.

కలకత్తా నుంచి కేంబ్రిడ్జికి

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టారు. తాత గురుచరణ్ తూర్పు బెంగాల్లోని విక్రంపూర్ నుంచి వచ్చి కలకత్తాలో స్థిరపడ్డారు. ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోసు, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి మహామహుల దగ్గర చదివి, 1912లో భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు.

1913లో లండన్ విశ్వవిద్యాలయంలో చేరదామని ఇంగ్లండు వెళ్ళారు. ఒకరోజు కేంబ్రిడ్జి చూడటానికి వెళ్ళి, అక్కడి కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయం చూస్తూ మైమరచి, లండను వెళ్ళే ఆఖరి రైలు తప్పించుకున్నారు. రాత్రి ఒక పరిచయస్తుల ఇంట్లో తలదాచుకుంటే, ఇంతగా నచ్చినప్పుడు ఇక్కడే చేరరాదా అని వారు సలహా ఇచ్చారట. మర్నాడే వెళ్ళి అడిగితే సీటు దొరికింది. మన విద్యార్థులు వీసాల కోసం, అడ్మిషన్ల కోసం పడే పాట్లు తలుచుకుంటే ఇది కట్టుకథలా అనిపిస్తుంది.

కేంబ్రిడ్జిలో శ్రీనివాస రామానుజన్‌తో స్నేహం కుదిరింది. చలికి రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదని రామానుజన్ చెబితే, మహలనోబిస్ ఆయన గదికి వెళ్ళి చూశారు. మంచం మీద చక్కగా పరిచి ఉన్న దుప్పట్ల పైనే ఆయన పడుకుంటున్నారు! వాటిని తీసి లోపల దూరి పడుకోవాలని చూపించి వచ్చారు. కొత్త దేశంలో మొదటి శీతాకాలం గడిపిన వాళ్ళందరికీ ఈ సంగతి అర్థమవుతుంది.

చదువు ముగిశాక 1915లో సెలవుకు ఇంటికి బయలుదేరే ముందు, కాలేజీ అధ్యాపకుడు మెకాలే బయోమెట్రికా అనే సంఖ్యాశాస్త్ర పత్రికను ఆయన దృష్టికి తెచ్చారు. నచ్చి సంపుటాలన్నీ కొనేశారు. ఓడలో చదువుకుంటూ వచ్చారు. మళ్ళీ కేంబ్రిడ్జి పరిశోధనకు తిరిగి వెళ్ళలేదు. ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం పాఠాలు చెబుతూ, తీరిక వేళల్లో ఈ కొత్త విద్యను సొంతంగా నేర్చుకున్నారు.

వరదలు చెప్పిన పాఠం

1922లో ఉత్తర బెంగాల్లో పెద్ద వరదలు వచ్చాయి. నీటిని ఆపడానికి భారీ ఖర్చుతో జలాశయాలు తవ్వాలని నిపుణులు చెప్పారు. మహలనోబిస్ సుమారు 50 ఏళ్ళ వానల లెక్కలు, వరదల లెక్కలు ముందేసుకుని పరిశీలించారు. జలాశయాల వల్ల ఉపయోగం లేదని, నీరు త్వరగా పోయే దారులు కావాలని తేల్చారు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి వరద వచ్చింది. నది అడుగు పైకి లేచిందని, గట్లు ఎత్తు పెంచాలని ఇంజనీర్లు అన్నారు. పాత రికార్డులు తిరగేస్తే నది అడుగు ఏమీ లేవలేదని తేలింది. ఎగువన ఆనకట్టలు కట్టాలని ఆయన సూచించారు. దశాబ్దాల తర్వాత మహానది మీద వచ్చిన హీరాకుడ్ ప్రాజెక్టు ఆలోచనకు ఆ లెక్కలు తోడ్పడ్డాయి.

ఒక భౌతికశాస్త్రం లెక్చరరు ఇంజనీర్ల మాటను తిరగరాయగలగడానికి కారణం ఆయనకు నదుల గురించి ఎక్కువ తెలియడం కాదు. ఎవరూ తిరగేయని పాత అంకెలను ఓపికగా తిరగేయడమే. విధానం నిర్ణయించే ముందు లెక్క చూడాలన్నది అప్పటి నుంచి ఆయన జీవిత సూత్రమైంది.

ఈ మధ్యలోనే 1923లో నిర్మలకుమారిని పెళ్ళి చేసుకున్నారు. మామగారికి ఈ సంబంధం అంతగా ఇష్టం లేకపోవడంతో మేనమామ నీల్‌రతన్ సర్కార్ పెద్దరికం వహించి పెళ్ళి జరిపించారు. దంపతులిద్దరూ రవీంద్రనాథ్ ఠాగూర్‌కు అత్యంత సన్నిహితులు. విశ్వభారతి కార్యదర్శిగా మహలనోబిస్ పదేళ్ళు పనిచేశారు.

238 రూపాయల సంస్థ

ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన గదిలో కొందరు కుర్రాళ్ళు చేరి లెక్కలు వేస్తుండేవారు. అదే 1931 డిసెంబరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌గా రూపు దాల్చింది. మొదటి ఏడాది ఖర్చు మొత్తం 238 రూపాయలు. 1933లో సంఖ్య అనే పత్రిక మొదలుపెట్టారు. మనుషుల శరీర కొలతల మీద మొదలుపెట్టిన పరిశోధన 1936 నాటికి మహలనోబిస్ దూరం అనే ప్రసిద్ధ సూత్రంగా పండింది. ఈనాడు కంప్యూటర్ రంగంలో ఉన్న మన పిల్లలు ఆ పేరు వాడుతూనే ఉంటారు. ఆ పేరు గల మనిషి ఎవరో తెలిసినవాళ్ళు తక్కువ.

సంస్థ పేరు మాత్రం జనపనార పంట లెక్కతో మారుమోగింది. బెంగాల్లో ఎంత నేలలో జనపనార వేశారో తెలుసుకోవాలంటే అంతకుముందు ప్రతి పొలమూ తిరగాలి. 1937 నుంచి ఆయన కొన్ని పొలాలను మాత్రమే యాదృచ్ఛికంగా ఎంచుకుని లెక్క తీయడం మొదలుపెట్టారు. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ 1941 నాటికి రాష్ట్రమంతా చేశారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి మెతుకు పట్టుకు చూసినట్టన్నమాట. ఖర్చు మొత్తం గణనలో చిన్న వంతే.

ఇక్కడ ఆయన కనిపెట్టిన ఒక పద్ధతి ఉంది. ఒకే ప్రాంతానికి రెండు వేర్వేరు బృందాలను, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పంపేవారు. రెండు లెక్కలూ దగ్గరగా వస్తే నమ్మవచ్చు. తేడా వస్తే ఎక్కడో తప్పు దొర్లిందని తెలుస్తుంది. పైవాడి మాటను కిందివాడు కాదనలేని వ్యవస్థలో, లెక్కే లెక్కను ప్రశ్నించే ఏర్పాటు ఇది.

పంటల నుంచి మనుషుల మీదికి దృష్టి మళ్ళింది. కుటుంబాల ఖర్చులు, టీ తాగే అలవాట్లు, ప్రజల ఇష్టాయిష్టాల మీద సంస్థ సర్వేలు చేసింది. 1943 బెంగాల్ కరవు తర్వాత పల్లెపల్లెకూ తిరిగి, ఎవరు పొలం అమ్ముకున్నారు, ఎవరు కూలీలుగా మారారు అని లెక్క తీసింది. ఆ కుటుంబాల ముందున్నవి ఎంపికలు అనగలమా అంటే అనలేం. కానీ ఎవరు ఏం చేయవలసి వచ్చిందో కాగితం మీదికి ఎక్కింది.

మన సి.ఆర్. రావు గారు

ఈ కథలో తెలుగువారికి గర్వకారణమైన పుట ఒకటి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, ఈ సంస్థ సంగతి విని 1941లో చేరారు. 1946లో మహలనోబిస్ ఆయనను కేంబ్రిడ్జికి పంపారు. సూడాన్ తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాలను మహలనోబిస్ సూత్రంతో విశ్లేషించడం అక్కడ ఆయన పని. ఆ తర్వాత ఆయన ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. మహలనోబిస్ మరణానంతరం సంస్థ పగ్గాలు చేపట్టారు. చివరి దశాబ్దాలు అమెరికాలోనే గడిపి, 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో తన 102వ ఏట కన్నుమూశారు. ఆ మహా వృక్షానికి నీళ్ళు పోసిన తోటమాలి మహలనోబిస్.

ముప్పై రోజుల్లో ఏం కొన్నారు?

1949లో నెహ్రూ ప్రభుత్వం ఆయనను కేంద్ర మంత్రివర్గానికి గౌరవ సంఖ్యాశాస్త్ర సలహాదారుగా నియమించింది. అప్పటికి దేశంలో పేదవాడు ఏం తింటున్నాడో, ఎంత బట్ట కొంటున్నాడో ఢిల్లీలో ఎవరికీ తెలియదు. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే పుట్టింది. మొదటి విడతలో 1,833 గ్రామాలు ఎంచుకుని, ఆ అక్టోబరు నుంచి సిబ్బంది గడప గడపకూ వెళ్ళారు.

మా చిన్నతనంలో మా ఊరికి కూడా ఒక సర్వే బాబు వచ్చాడు. మా నాయనమ్మను కూర్చోబెట్టి గత ముప్పై రోజుల్లో బియ్యం ఎంత, చింతపండు ఎంత, నూనె ఎంత అని అడిగాడు. ఆవిడ కుంచాల్లో, సోలల్లో, గిద్దల్లో చెబుతుంటే ఆయన కిలోల్లోకి మార్చుకోలేక చెమటలు కక్కాడు. ఎక్కువ చెబితే పన్ను వేస్తారేమోనని భయం, తక్కువ చెబితే ఇంటి పరువు పోతుందని సంకోచం. ఆ రెంటి మధ్యా ఆవిడ చెప్పిన జవాబులు ఏ ఢిల్లీ పట్టికలో చేరాయో! ఇప్పుడు నా ముందుకు ఏ సర్వే అంకెలు వచ్చినా వాటి వెనుక మా నాయనమ్మ ముఖం కనిపిస్తుంది.

ఆ ముప్పై రోజుల ప్రశ్న కూడా ఊరికే పుట్టింది కాదు. వారం లెక్క అడగాలా, నెల లెక్క అడగాలా అన్న సందేహం వస్తే, మహలనోబిస్ బృందం 1950ల తొలినాళ్ళలో రెండు విధాలా అడిగి చూసింది. కొన్ని ఇళ్ళలో గింజలను నిజంగా తూచి మరీ పోల్చింది. నెల లెక్కే వాస్తవానికి దగ్గరగా ఉందని తేలాక దాన్ని ఖాయం చేశారు.

ఈ అంకెలతో ఏం చేస్తారు? సంపాదన పెరిగే కొద్దీ ఇంటి ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే గమనించారు. ఆ సంబంధాన్ని గీత గీసి పట్టుకుంటే, రేపు ఆదాయాలు ఇంత పెరిగితే బియ్యానికి ఎంత, బట్టకు ఎంత గిరాకీ వస్తుందో అంచనా వేయవచ్చు. మా రైలు మోడల్‌కు ఇది పెద్దన్న లాంటిది. మహలనోబిస్ 1960లో దీనికి మెరుగులు దిద్దారు. కుటుంబాలను నిరుపేద నుంచి ధనిక వరకు వరుసలో నిలబెట్టి, సమాన భాగాలుగా విడదీసి, ఒక్కో భాగం ఖర్చు తీరును రెండు వేర్వేరు శాంపిళ్ళతో రెండు గీతలుగా గీస్తారు. రెండు గీతల మధ్య ఎడం ఎంతో, మన అజ్ఞానం అంత. తన అజ్ఞానాన్ని కూడా గీసి చూపించే శాస్త్రవేత్త ఎంతమంది ఉంటారు?

రెండో ప్రణాళిక

ఇక వివాదాస్పదమైన ఘట్టానికి వద్దాం. 1955 మార్చిలో మహలనోబిస్ రెండో పంచవర్ష ప్రణాళికకు ముసాయిదా సమర్పించారు. దాని వెనుక ఒక గణిత మోడల్ ఉంది. పెట్టుబడిలో సుమారు మూడో వంతు యంత్రాలు, ఉక్కు తయారుచేసే భారీ పరిశ్రమలకు పోవాలి. ఇవాళ కొంచెం తక్కువ తింటే, యంత్రాలు తయారయ్యాక రేపు అందరూ ఎక్కువ తినవచ్చు. ఈలోగా జనానికి కావలసిన బట్ట, నిత్యావసరాలు చేతిమగ్గాలు, కుటీర పరిశ్రమలు అందిస్తాయి. మొత్తం 5,600 కోట్ల రూపాయల పెట్టుబడి, 1.1 కోట్ల కొత్త ఉద్యోగాలు అని లెక్క కట్టారు.

ఆ మోడల్లో ఒక లోటు ఉంది. గడప గడపకూ వెళ్ళి జనం ఎంపికలను రాయించిన మనిషి గీసిన చిత్రంలో, జనం ఎంపికలకు చోటు చాలా తక్కువ. ధరల ఊసు లేదు. ఎగుమతి, దిగుమతుల ఊసు లేదు. మిల్లు గుడ్డ చవకగా దొరికితే కొనేవాడు చేనేతనే ఎందుకు కొంటాడన్న ప్రశ్నకు జవాబు లేదు. వినియోగం అంటే అదుపులో ఉంచవలసిన అంకె.

అప్పట్లోనే అభ్యంతరాలు వచ్చాయి. ఆర్థికవేత్తల సలహా మండలిలో బి.ఆర్. షెనాయ్ ఒక్కరే అసమ్మతి పత్రం రాశారు. అదే 1955లో భారతదేశం వచ్చిన అమెరికన్ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ భారీ పరిశ్రమల మీద ఇంత మోజు తగదని నివేదిక ఇచ్చారు. విశేషమేమంటే కుటుంబాలు ఎంత ఖర్చు పెడతాయి, ఎంత దాస్తాయి అన్న దాని మీద ఫ్రీడ్‌మన్ ప్రసిద్ధ గ్రంథం 1957లో వచ్చింది. ఇద్దరూ ఇంటి ఖర్చును చదివినవాళ్ళే. ఒకరు ఇంటి యజమానికి వదిలేయమన్నారు, మరొకరు దేశం తరఫున తామే నిర్ణయించాలన్నారు.

అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షులు కూడా. ఆయన అర్ధాంగి మన రాజమండ్రి ఆడపడుచు, ప్రణాళికా సంఘంలో పనిచేసిన దుర్గాబాయి గారు. ఆ రోజుల్లో ఈ చర్చ తెలుగింటి భోజనాల బల్ల దగ్గర కూడా జరిగే ఉంటుందని నేను అనుకుంటూ ఉంటాను.

ఫలితం మిశ్రమం. 1957 నాటికి విదేశీ మారక ద్రవ్యం కరిగిపోయి ప్రణాళికను కుదించుకోవలసి వచ్చింది. తిండి గింజల కొరతకు 1956 నుంచి అమెరికా గోధుమల మీద ఆధారపడ్డాం. మరోవైపు ఆ విధానం వేసిన దారిలోనే 1960లలో హైదరాబాదు దగ్గర రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వంటివి లేచాయి. ఆ కాలనీల్లో పెరిగి, ఆ బడుల్లో చదివి ఈ దేశం వచ్చినవాళ్ళు ఈ సభా ప్రాంగణంలోనే ఎందరో ఉన్నారు. ఆయన మోడల్‌ను విమర్శించేటప్పుడు ఆ సంగతి కూడా మరిచిపోకూడదు.

మూడణాలా, పదిహేనణాలా?

అయితే ఆయన కట్టిన రెండో కట్టడం, అంటే సర్వే, ఆయన ప్రణాళికనే ప్రశ్నించింది. పెరిగిన దేశాదాయం ఎవరికి చేరిందని పార్లమెంటులో ప్రశ్నలు వస్తే, 1960లో ఆయన అధ్యక్షతనే ఒక సంఘం వేశారు. పారిశ్రామిక సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడుతోందని ఆ సంఘం 1964లో చెప్పింది. 1963లో లోక్‌సభలో రామ్ మనోహర్ లోహియా దేశంలో ఎక్కువమంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారన్నారు. కాదు, పదిహేనణాలని నెహ్రూ అన్నారు. ఇద్దరి మధ్య తేడా అంతా సగటులో ఉంది. సగటు తీస్తే టాటా ఆదాయం, కూలీ ఆదాయం కలిసిపోతాయి. కుటుంబాలను వరుసలో నిలబెట్టి అడుగు భాగాన్ని విడిగా చూడాలన్న మహలనోబిస్ పద్ధతే లోహియా అడిగిన ప్రశ్నకు సరైన పరికరం. 1971లో దాండేకర్, నీలకంఠ రథ్ ఆ సర్వే అంకెలతోనే 1960-61లో పల్లెల్లో 40 శాతం, పట్టణాల్లో 50 శాతం మంది కనీస స్థాయికి దిగువన ఉన్నారని తేల్చారు. దేశంలో పేదరికం మీద ఆ తర్వాత జరిగిన ప్రతి చర్చకూ పునాది అదే.

1968లో పద్మవిభూషణ్ వచ్చింది. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, ఆయన కన్నుమూశారు. 2007 నుంచి ఆయన పుట్టినరోజును భారత ప్రభుత్వం గణాంక దినోత్సవంగా జరుపుతోంది.

ఆయన మొదలుపెట్టిన ఇంటి ఖర్చుల సర్వే ఇంకా నడుస్తోంది. 1999-2000లో పల్లె కుటుంబం ఖర్చులో తిండి వాటా సుమారు 59 శాతం. 2022-23లో అది సుమారు 46 శాతానికి దిగింది. పాలు, పండ్లు, ప్రయాణాలు, ఫోన్లు పెరిగాయి. జనం మారుతున్నారని మనకు తెలిసింది ఎవరో అడిగారు కాబట్టి. మధ్యలో 2017-18 సర్వే ఫలితాలను, నాణ్యత సరిగా లేదంటూ ప్రభుత్వం విడుదల చేయలేదు. ఆ అంకెలు మంచివో చెడ్డవో చర్చించే అవకాశం కూడా లేకపోవడం అప్పట్లో చాలామంది సంఖ్యాశాస్త్రవేత్తలను బాధించింది.

మహలనోబిస్ జీవితం నుంచి నా వృత్తికి నేను తీసుకున్నది ఇదే. మోడల్ ఎంత తెలివైనదైనా, అది కట్టినవాడి ఇష్టం అందులో దూరుతుంది. దానికి విరుగుడు, ఆ మోడల్ తప్పని కూడా చెప్పగల లెక్కను పక్కనే నడవనివ్వడం. ఆయన రెండూ కట్టారు. మొదటిది కాలంతో పాటు వెనకబడింది, రెండోది నిలిచింది. ఈ దేశంలో జనాభా లెక్కలవారో, మరో సర్వేవారో మీ తలుపు తట్టినప్పుడు విసుక్కోకుండా ఓ పది నిమిషాలు కూర్చుని నిజం చెప్పండి. మనం ఎంతమందిమి, ఎలా బతుకుతున్నామన్నది మన బదులు ఇంకొకరు ఊహించి రాయకుండా ఉండాలంటే అదొక్కటే దారి.